పాదం అదుపు.. ఇంధనం పొదుపు
బీజాపూర్ రహదారిపై నిత్యం కారు నడిపేవారికి కొన్ని లెక్కలు

చేవెళ్ల మండలం ఆలూరు గేటు నుంచి హైదరాబాద్ వైపు బయలుదేరే కారు అప్పా కూడలి చేరేలోపు దాదాపు 40 కిలోమీటర్లు నడుస్తుంది. ఉద్యోగానికో, వ్యాపారానికో, పిల్లల కళాశాలకో ఈ దారిలో రోజూ వెళ్లివచ్చే కుటుంబానికి ఇంటి ఖర్చుల్లో బియ్యం, పప్పుల కంటే పెట్రోలు పద్దే పెద్దదవుతోంది. 2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.107 పైచిలుకు, డీజిల్ రూ.95 పైచిలుకు పలికాయి. అందులో రాష్ట్ర ప్రభుత్వ వాటా తక్కువేమీ కాదు. 2015లో పెంచిన ప్రకారం పెట్రోలుపై 35.20 శాతం, డీజిల్‌పై 27 శాతం వ్యాట్ పడుతోంది. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే రావాలి. ఇవేవీ వాహనదారుడి చేతిలో లేవు. అతని చేతిలో, నిజానికి అతని కాలి కింద, ఉన్నది యాక్సిలరేటర్ ఒక్కటే.

ఆ ఒక్కదానితో ఎంత మిగులుతుందో ముందుగా చూడాలి. రోజుకు 80 కి.మీ. చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 2,000 కి.మీ. అవుతుంది. కారు లీటరుకు 16 కి.మీ. ఇస్తే 125 లీటర్లు కావాలి. లీటరు రూ.107 చొప్పున రూ.13,375 ఖర్చు. అదే కారు, అదే దారి, నడిపే తీరు మారి 19 కి.మీ. ఇస్తే 105 లీటర్లతో సరిపోతుంది. ఖర్చు రూ.11,260 దరిదాపుల్లో ఉంటుంది. నెలకు రూ.2,100, ఏడాదికి రూ.25 వేలు మిగిలినట్టే. ఇది అతిశయోక్తి కాదు. దూకుడుగా నడపడం వల్ల రహదారులపై 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే రద్దీలో 10 నుంచి 40 శాతం వరకు మైలేజీ పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. మన దేశంలో పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం (పీసీఆర్ఏ) 1970వ దశకం నుంచి ఇదే మాట చెబుతూ వస్తోంది.

ఓవర్‌టేక్ ఖరీదు రెండు రూపాయలు

ఈ దారి తీరు తెలిసినవారికి విషయం వెంటనే అర్థమవుతుంది. మొయినాబాద్ దాటాక రోడ్డుకు ఇరువైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు, మధ్యలో రెండు వరుసలు, విభాగిని లేదు. ముందు కంకర టిప్పరో, కూరగాయల డీసీఎమ్మో 50 కి.మీ. వేగంతో పోతుంటుంది. వెనుక కారువారికి ఓపిక ఉండదు. గేరు తగ్గించి, యాక్సిలరేటర్ నొక్కి 80కి పోయి దాటేస్తారు. అర కిలోమీటరు పోయాక మరో లారీ ఎదురవుతుంది. బ్రేకు వేసి మళ్లీ 50కి దిగుతారు.

ఆ ఒక్కసారికి ఎంత పెట్రోలు పోయింది? మనుషులతో కలిపి 1,100 కిలోలుండే కారును 50 నుంచి 80 కి.మీ. వేగానికి పెంచడానికి అవసరమయ్యే శక్తిని లెక్కగడితే, పెట్రోలులోని శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రాలకు చేరుతుంది గనుక, దాదాపు 20 మిల్లీలీటర్ల ఇంధనం కాలుతుంది. అంటే రెండు రూపాయలు. బ్రేకు వేసిన మరుక్షణం ఆ రెండు రూపాయలు బ్రేకు ప్యాడ్లలో వేడిగా మారి గాలిలో కలిసిపోతాయి. పోయేటప్పుడు పదిసార్లు, వచ్చేటప్పుడు పదిసార్లు ఇలా చేస్తే రోజుకు రూ.40. నెలకు రూ.1,000. దాటిన ప్రతిసారీ పెరిగిన గాలి ఒత్తిడిని ఈ లెక్కలో కలపనే లేదు.

దీనివల్ల కలిసొచ్చే సమయమైనా పెద్దదా అంటే అదీ కాదు. ఖాళీగా దొరికే 20 కి.మీ. దూరాన్ని 60 వేగంతో పోతే 20 నిమిషాలు, 80 వేగంతో పోతే 15 నిమిషాలు పడుతుంది. మిగిలేది ఐదు నిమిషాలు. ఉదయం పూట అప్పా కూడలి దగ్గరికి చేరేసరికి ఆ ఐదు నిమిషాలు వాహనాల వరుసలోనే కరిగిపోతాయి. దాటేసి వచ్చిన డీసీఎం పక్కనే వచ్చి నిలబడటం ఈ దారిలో తిరిగేవారికి కొత్త కాదు.

రూపాయల లెక్క కంటే బరువైన లెక్క మరొకటి ఉంది. 2024 డిసెంబరు 2న ఆలూరు గేటు వద్ద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వారిపైకి లారీ దూసుకెళ్లి పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2025 నవంబరు 3న ఇదే మండలంలోని మీర్జాగూడ సమీపంలో కంకర లోడుతో వస్తున్న టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొనడంతో 19 మంది మరణించారు. ఆ ప్రమాదాలకు కారణాలు వేరు, వాటిని ఇంధన పొదుపుతో ముడిపెట్టడం సబబు కాదు. కానీ గేట్ల వద్ద గంపలతో కూర్చునే రైతులు, బస్సు కోసం నిలబడే విద్యార్థులు ఉన్న ఇరుకు రోడ్డుపై వేగం ఎంత ప్రమాదమో ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పెట్రోలు మిగిల్చే వేగం, మనుషులను మిగిల్చే వేగం ఇక్కడ ఒకటే కావడం విశేషం. 2018లో కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ పరిమితుల ప్రకారం విభాగిని లేని ఇటువంటి రోడ్లపై కార్లకు 70 కి.మీ. మించరాదు.

గాలి అడ్డుగోడ

వేగం పెరిగితే ఇంధనం ఎందుకు ఎక్కువ తాగుతుందన్నది చాలామందికి ఇంజిన్‌కు సంబంధించిన విషయంగా తోస్తుంది. అసలు కారణం ఎదురుగాలి. కారుపై గాలి చూపే ప్రతిఘటన వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 60 నుంచి 80కి పెంచితే వేగం మూడో వంతే పెరిగినా, గాలి నిరోధం 78 శాతం పెరుగుతుంది. 90కి పోతే రెండింతలు దాటుతుంది. సైకిల్‌పై ఎదురుగాలిలో చేనుగట్టు మీద తొక్కినవారికి ఇది పుస్తకంలో చదవాల్సిన పని లేదు.

గంటకు 80 కి.మీ. వేగంతో పోలిస్తే 45 - 55 కి.మీ. మధ్య నడిపినప్పుడు 40 శాతం వరకు అదనపు మైలేజీ వస్తుందని పీసీఆర్ఏ ప్రచారం చేస్తూ వచ్చింది. గాలిని చీల్చుకుపోయేలా తీర్చిన నేటి కార్లలో, ఆరు గేర్లున్న వాటిలో తేడా అంత ఉండకపోవచ్చు. అయినా దిశ మారదు. టాప్ గేరులో ఇంజిన్ మూలుగు లేకుండా సాగే కనిష్ఠ వేగం దగ్గరే ఏ కారైనా ఎక్కువ దూరం పోతుంది. చాలా చిన్న కార్లకు అది 50 - 60 మధ్య ఉంటుంది.

అలాగని 35 వేగంలో టాప్ గేరు వేసి, కారు వణుకుతున్నా లాగించడం పొదుపు కాదు. ఇంజిన్‌ తడబడుతుంటే గేరు తగ్గించాల్సిందే. పెట్రోలు కారులో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, డీజిల్ కారులో 1,500 నుంచి 2,000 మధ్య పై గేరుకు మారడం మేలు. మీటరు చూడటం అలవాటు లేనివారికి చెవే మీటరు. ఇంజిన్ అరుస్తోందంటే గేరు మార్చే సమయం దాటిపోయిందని అర్థం.

గేటు కనిపించగానే కాలు తీయాలి

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఊరి దారి పెద్ద రోడ్డును కలిసే ప్రతిచోటా ఒక గేటు ఉంటుంది. గేటన్నాక స్పీడ్ బ్రేకరో, ఆటోల అడ్డానో, బస్సు స్టాపో తప్పదు. రోజూ తిరిగేవారికి ఇవన్నీ కంఠతా వచ్చు. అయినా చాలామంది స్పీడ్ బ్రేకర్ ముందు 30 మీటర్ల దాకా యాక్సిలరేటర్ నొక్కుతూనే వచ్చి, చివర్లో బ్రేకుపై నిలబడతారు.

ఇక్కడే నేటి ఇంజిన్ల గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ఇప్పటి కార్లన్నింటిలో ఇంధనాన్ని కంప్యూటర్ ఆధీనంలోని ఇంజెక్టర్లు చిమ్ముతాయి. గేరులో ఉండగా యాక్సిలరేటర్ పైనుంచి పూర్తిగా కాలు తీస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి గనుక, కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. వేగం బాగా తగ్గి ఇంజిన్ ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు మాత్రమే తిరిగి చిమ్మడం మొదలవుతుంది. అంటే గేటుకు 200 మీటర్ల ముందే కాలు తీస్తే ఆ 200 మీటర్లూ కారు ఉచితంగా నడిచినట్టే. బ్రేకు ప్యాడ్లు అరగవు, క్లచ్ అరగదు. గేటు దగ్గర రోడ్డు దాటే ముసలివాళ్లకు, మేకల మందకు తగినంత సమయం కూడా దొరుకుతుంది.

పాత తరం డ్రైవర్లలో పల్లం వస్తే న్యూట్రల్ చేసే అలవాటు బలంగా ఉంది. కార్బురేటర్ ఉన్న అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలో దానివల్ల కొంత మిగిలేది. ఇప్పటి కార్లలో నష్టమే. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా తిరగాలంటే ఇంధనం కావాలి, గేరులో అది కూడా అక్కర్లేదు. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకులపై పడుతుంది. వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టల మలుపులు దిగేటప్పుడు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. కొందరు ఇంకొక అడుగు ముందుకేసి తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆర్పేస్తారు. ఇంజిన్ ఆగిన కొద్దిసేపటికే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. కొన్ని కార్లలో స్టీరింగ్ తాళం కూడా పడే ప్రమాదముంది. పది పైసల పెట్రోలు కోసం ఈ పని ఎన్నడూ చేయరాదు.

క్లచ్‌పై పాదం ఆనించి నడపడం మరో దురలవాటు. పూర్తిగా నొక్కకపోయినా పాదం బరువుకు క్లచ్ కొద్దిగా జారుతుంటుంది. ఇంధనం వృథా అయ్యేది కొంతే, క్లచ్ ప్లేటు మార్చడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. కాలికి విశ్రాంతి కావాలంటే ఎడమ పక్కన ఖాళీ స్థలం ఉంది.

గాలి చూపించుకునేది ఎప్పుడు?

టైర్లలో గాలి 25 శాతం తగ్గితే ఇంధనం 5 నుంచి 10 శాతం అదనంగా ఖర్చవుతుందని, టైరు ఆయుర్దాయం నాలుగో వంతు తరిగిపోతుందని పీసీఆర్ఏ చెబుతుంది. అమెరికా లెక్కలు మాత్రం ఒక్కో పీఎస్‌ఐ తగ్గుదలకు 0.2 శాతం నష్టమే చూపుతున్నాయి. 33 ఉండాల్సిన చోట 25 ఉంటే ఆ లెక్కన రెండు శాతం లోపే. రెండింటికీ పొంతన లేదు. టైర్ల తీరు, రోడ్ల తీరు బట్టి తేడా రావచ్చు. తక్కువ లెక్కనే నమ్మినా, వేసవిలో మెత్తబడ్డ టైరు వేడెక్కి పేలే ముప్పును తలచుకుంటే నెలకు రెండుసార్లు గాలి చూపించుకోవడం దండగ కాదు.

ఎంత ఉండాలన్నది పంక్చరు దుకాణంలో అడగాల్సిన ప్రశ్న కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభంపై అంటించిన చీటీలో, ముగ్గురుంటే ఎంత, నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత అని రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉండగా చూడాలి. 30 కి.మీ. నడిచి వచ్చాక చూస్తే వేడికి గాలి వ్యాకోచించి రెండు, మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. అప్పుడు తగ్గిస్తే తెల్లారేసరికి తక్కువే ఉంటుంది. నైట్రోజన్ నింపిస్తే మైలేజీ పెరుగుతుందన్న ప్రచారానికి ఆధారం తక్కువ. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఒత్తిడి సరిగా ఉంటే ఏ గాలైనా ఒకటే.

గాలి వడపోత విషయంలోనూ పాత మాట ఒకటి వినిపిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోతుందని. కార్బురేటర్ బండ్లకు ఇది నిజం. నేటి ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో లోపలికొచ్చే గాలిని కొలిచి దానికి తగినంతే ఇంధనం చిమ్ముతారు కాబట్టి మైలేజీ పెద్దగా మారదు, కారు లాగే శక్తి మాత్రం తగ్గుతుంది. మట్టి రోడ్ల మీదుగా ఊళ్లోకి, తోటల్లోకి తిరిగే కార్లకు ఫిల్టర్ త్వరగా నిండుతుంది కాబట్టి మార్చుకోవాల్సిందే, అయితే కారణం వేరు. ఇంజిన్ ఆయిల్ మాత్రం తయారీదారు సూచించిన గ్రేడే వాడాలి. చిక్కటి నూనె పోస్తే ఇంజిన్‌కు బలమన్న నమ్మకంతో గ్రేడు మార్చితే ఒకటి, రెండు శాతం మైలేజీ పోతుంది.

ఏసీ, ఎండ, ఆగి ఉన్న ఇంజిన్

ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు లోపల కొలిమిలా ఉంటుంది. తలుపు తీయగానే ఏసీ పూర్తిగా పెట్టి, ఇంజిన్ నడుపుతూ చల్లబడేదాకా నిలబడటం ఇంధనం తగలేయడమే. అద్దాలన్నీ దించి ఒకటి, రెండు నిమిషాలు నడిపితే వేడిగాలి బయటికి పోతుంది. ఆ తర్వాత అద్దాలు ఎక్కించి ఏసీ పెడితే సగం పనే మిగులుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు అద్దాలు దించడం చవక. రహదారిపై 70, 80 వేగంలో దించితే లోపలికి దూరే గాలి కారును వెనక్కి లాగుతుంది, అప్పుడు ఏసీనే నయం. నీడలో నిలిపితే పెట్రోలు ఆవిరి కాదని పెద్దలు చెప్పేది నేటి మూసిన ట్యాంకులకు అంతగా వర్తించదు. నీడ వల్ల ఏసీ భారం తగ్గడం మాత్రం నిజం. మర్రి నీడకు ఈ దారిలో కొరత లేదు, బండి మాత్రం రోడ్డు అంచు దిగి నిలపాలి.

ఆగినప్పుడు ఇంజిన్ ఆపడంపై వాదనలు తెగవు. మళ్లీ స్టార్టు చేస్తే ఎక్కువ తాగుతుందన్నది పాత నమ్మకం. పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఆపి, మళ్లీ స్టార్టు చేయడమే చవకని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తేల్చింది. చిన్న కారు ఇంజిన్ ఊరికే తిరిగితే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా ఖర్చవుతుంది, ఏసీ ఉంటే పై అంకెకు చేరుతుంది. సెలవు రోజుల్లో చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లే దారిలో వాహనాల వరుసల్లో అరగంట ఇలా నిలబడితే రూ.50 వరకు పొగైనట్టే. అయితే ఒక జాగ్రత్త అవసరం. వాహనాలు అడుగడుగునా కదులుతుంటే మాటిమాటికీ ఆపడం వల్ల బ్యాటరీ నలుగుతుంది. కదలిక పూర్తిగా నిలిచిందని తెలిసినప్పుడే ఆపాలి.

ఊళ్లో చిన్న పనులకు కారు తీయడం కూడా లెక్కలోకి రావాలి. చల్లని ఇంజిన్ మొదటి రెండు, మూడు కిలోమీటర్లలో చాలా ఎక్కువ తాగుతుంది. పాల ప్యాకెట్‌కు ఒకసారి, మందుల దుకాణానికి ఒకసారి, ఫొటోకాపీకి మరోసారి చేవెళ్ల వెళ్లే బదులు మూడూ కలిపి ఒకే చుట్టులో ముగిస్తే ఇంజిన్ ఒకసారే వేడెక్కాలి. ఎప్పుడో పండుగకు ఎక్కించిన గోనెసంచులు, పాత టైరు, నీళ్ల డబ్బాలు డిక్కీలో ఏడాదంతా ఊరేగుతుంటాయి. 45 కిలోల అదనపు బరువుకు ఇంధన ఖర్చు సుమారు రెండు శాతం పెరుగుతుందని పీసీఆర్ఏ లెక్క. కారుపై క్యారియర్ బిగించి ఖాళీగా తిప్పడం బరువు కంటే చేటు. అది గాలికి అడ్డు.

డిపోల్లో లెక్క కొత్తది కాదు

ఇంధన పొదుపును తెలుగునాట శాస్త్రంలా పాటించింది ఎవరంటే ఆర్టీసీయే. ఏ డ్రైవర్ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డిపోల్లో నమోదవుతుంది. వెనుకబడినవారికి శిక్షణ ఇస్తారు, మెరుగ్గా తెచ్చినవారిని సన్మానిస్తారు. అదే బస్సు, అదే రూటు, డ్రైవర్ మారితే అంకె మారుతుందన్న సంగతి డిపోల్లో అందరికీ తెలుసు. సొంత కారు నడిపేవారిలో ఆ లెక్క రాసుకునేవారు అరుదు.

మరో కోణమూ ఉంది. ఆర్టీసీ బస్సు లీటరు డీజిల్‌కు ఐదు కిలోమీటర్లే ఇచ్చినా 40 మందిని మోస్తే, లీటరుకు 200 మంది-కిలోమీటర్లు అవుతుంది. ఒక్కడే కూర్చున్న కారు లీటరుకు 16. నలుగురు కలిసి పోతే 64. ఆలూరు నుంచి ఒకే కళాశాలకో, ఒకే కార్యాలయానికో వేర్వేరు కార్లలో పోయే నలుగురు వంతులవారీగా ఒకే కారు తీస్తే, పైన చెప్పిన చిట్కాలన్నీ కలిపినా రానంత ఆదా వస్తుంది. మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కారు ఇంట్లోనే ఉంటే ఖర్చు సున్నా.

ట్యాంకు నుంచి ట్యాంకు దాకా

మైలేజీ ఎంత వస్తోందో తెలియకుండా పొదుపు చేయడం సాధ్యం కాదు. డ్యాష్‌బోర్డు చూపే అంకె ఒక్కోసారి ఎక్కువ చెబుతుంది. నమ్మదగ్గ పద్ధతి పాతదే. బంకులో పైపు తనంతట తాను ఆగిపోయేదాకా ట్యాంకు నింపించి కిలోమీటర్లు రాసుకోవాలి. 300, 400 కి.మీ. తిరిగాక, వీలైతే అదే బంకులో, అదే విధంగా నింపించి, పోయించిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మరాదు. మూడు, నాలుగు ట్యాంకుల సగటు తీయాలి. ఉన్నట్టుండి అంకె పడిపోతే టైర్లలో గాలి, పట్టుకుపోయిన బ్రేకు, పాడైన సెన్సార్ ఇలా ఏదో ఒకటి కారణమై ఉంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లడానికి అది మంచి ఆధారం.

ఇటీవల మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదుల్లో కొంత భాగం పెట్రోలుదే. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. ఇథనాల్ కలపని పెట్రోలుకు రూపొందించి, పది శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం, 20 శాతానికి సర్దుబాటు చేసిన కొత్త వాటిలో 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే పేర్కొంది. పాత కారున్నవారు ఈ తేడాను డ్రైవింగ్‌పైనో, మెకానిక్‌పైనో నెట్టకుండా లెక్కలో కలుపుకోవాలి.

బంకుల్లో తెల్లవారుజామున పోయిస్తే చిక్కటి పెట్రోలు వస్తుందన్నది అపోహ. భూమిలోపలి ట్యాంకుల్లో పగలు, రాత్రి ఉష్ణోగ్రత పెద్దగా మారదు. రూ.500కు బదులు రూ.510 పోయిస్తే మోసం జరగదన్నదీ అంతే. కొలతపై అనుమానం వస్తే తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. ప్రతి బంకులో ఆ పాత్ర ఉండాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి. మీటరు సున్నా చూసి పోయించడం ఎలాగూ తప్పదు.

రేపటి రోడ్డు

ఈ రహదారి రూపు మారే రోజు దగ్గరపడింది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కి.మీ. మేర నాలుగు వరుసలుగా విస్తరించే పని, మర్రిచెట్లను కాపాడాలంటూ జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో సాగిన వ్యాజ్యం కారణంగా ఏళ్ల తరబడి నిలిచిపోయి, 2025 చివర్లో ముందుకు కదిలింది. విభాగిని వస్తే ఎదురెదురుగా ఢీకొనే ముప్పు తగ్గుతుంది. లారీ వెనుక 50కి దిగి, మళ్లీ 80కి ఎక్కే అవస్థా తగ్గుతుంది. ఆ మేరకు పెట్రోలు మిగలాలి. అయితే విభాగిని ఉన్న నాలుగు వరుసల రహదారిపై కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగం 100 కి.మీ. ఆ వేగంలో కారుపై గాలి నిరోధం 60 వేగంలో ఉన్నదానికి 2.8 రెట్లు. రోడ్డు వెడల్పయ్యాక ఆలూరు నుంచి అప్పా కూడలికి అయ్యే పెట్రోలు తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది అప్పుడు కూడా యాక్సిలరేటర్‌పై ఉన్న పాదమే తేలుస్తుంది.